క్లారా సాధన ఎప్పుడు చేసుకునేది?

క్లారా షూమన్ 1819లో జర్మనీలోని లైప్‌జిగ్‌లో పుట్టింది. తండ్రే గురువు. తొమ్మిదేళ్లకే పియానో కచేరీ చేసింది. తండ్రి ససేమిరా అంటే కోర్టుకెక్కి మరీ 1840లో రాబర్ట్ షూమన్‌ని పెళ్లి చేసుకుంది. ఆయన సంగీత రచయిత. అప్పటికి పేరు ఎక్కువ ఈవిడదే!

నాకు మనసులో పడిపోయింది పెళ్లి తర్వాతి సంగతి. ఇంట్లో గోడలు పల్చన. ఆయన బాణీలు కట్టుకుంటుంటే ఈవిడ పియానో ముట్టకూడదు. సాధన వెనకబడిపోతోందని డైరీలో రాసుకుని బాధపడింది.

మా అత్తయ్య వీణ కూడా అంతేనండీ. మామయ్యగారు ఇంట్లో ఉంటే వీణకి గుడ్డ కప్పి ఉండేది. ఆయన ఆఫీసుకెళ్లాక, పప్పు ఉడికేలోపు ఒక వర్ణం. "కుక్కరు కూత వేస్తే నా కచేరీ అయిపోయినట్టేనమ్మా" అంటుంది నవ్వుతూ. ఆ నవ్వు నాకెప్పుడూ నవ్వులా అనిపించదు.

క్లారాకి ఎనిమిది మంది పిల్లలు. కాన్పుకీ కాన్పుకీ మధ్యే కచేరీలు. 1853లో డ్యూసెల్‌డార్ఫ్‌లో, ఆయనకి వినపడకుండా వాయించుకునే గది దొరికింది. ఆ వేసవిలోనే మళ్లీ సొంతంగా రాసింది. ఆ సుఖం ఏడాదైనా నిలవలేదు. 1854 ఫిబ్రవరిలో ఆయన మతి చలించి రైన్ నదిలో దూకాడు. బతికించి ఆసుపత్రిలో పెట్టారు. అప్పుడీవిడ కడుపుతో ఉంది. జూన్‌లో కొడుకు పుట్టాడు, చలికాలం రాకముందే కచేరీలకి బయల్దేరింది. ఇల్లు గడవాలి కదా! రెండేళ్లకి పైగా భర్తని చూడనివ్వలేదు. చూసిన రెండు రోజులకే ఆయన పోయాడు. తర్వాత సొంత రచనలు దాదాపు ఆగిపోయాయి కానీ, వేళ్లు ఆగలేదు. 1891 దాకా వేదికెక్కింది. ఫ్రాంక్‌ఫర్ట్‌లో పాఠాలూ చెప్పింది.

ఇదంతా చెబితే అత్తయ్య అడిగిన మొదటి ప్రశ్న, "మరి ఆ పిల్లల్ని ఎవరు చూశారే?"

పనివాళ్లు, బంధువులు, హాస్టళ్లు. ఆ పైన పెద్ద కూతురు మేరీ. పెళ్లి చేసుకోలేదు, తల్లి పోయేదాకా ఆవిడ పక్కనే ఉండి ఇల్లు చూసింది, శిష్యులకి పాఠాలు చెప్పింది.

"ఆ పిల్ల కూడా వాయించేదన్నమాట" అంది అత్తయ్య. చాలాసేపు ఇంకేం మాట్లాడలేదు.