చుక్క ఆసుపత్రికి వెళ్ళింది

పిల్లలూ! మనుషుల ఆసుపత్రి మీరంతా చూసే ఉంటారు. పశువుల ఆసుపత్రి ఎంతమంది చూశారు? పాడి ఉన్న ఇళ్ళ పిల్లలకు దాన్ని గురించి చెప్పనక్కర లేదు. మిగిలినవాళ్ళు నాతో రండి, ఒకసారి చూసి వద్దాం.

మా అక్కయ్యగారిది దుగ్గిరాల. గుంటూరు జిల్లాలో పసుపు వ్యాపారానికి పేరుపడ్డ ఊరు అది. వాళ్ళ వీధిలో ఒక ఊరకుక్క నాలుగు పిల్లల్ని పెట్టింది. వీధి చివరి ఇంటి బొచ్చుకుక్క వాటి తండ్రి అని అందరి ఊహ. నెలన్నర తిరక్కముందే ఆ నాలుగింటిలో ఒక పిల్లకు వాంతులూ రక్తవిరోచనాలూ పట్టుకున్నాయి. రెండు రోజుల్లో అది చచ్చిపోయింది. మిగిలిన మూడింటిలో ఒకదాన్ని మా మేనకోడలు ఇంటికి తెచ్చుకున్నది. దాని ఒళ్ళంతా నలుపు, నుదుట తెల్లమచ్చ. ఒక చెవి నిక్కి ఉంటుంది, ఇంకొకటి వాలి ఉంటుంది. తోక మాత్రం కుచ్చులా తండ్రి పోలికే. నుదుటి మచ్చనుబట్టి దానికి "చుక్క" అని పేరు పెట్టింది.

"టీకాలు వేయించితేనే కుక్క ఇంట్లో ఉంటుంది. లేకపోతే లేదు," అన్నారు మా బావగారు.

అందుకని ఒకనాటి ఉదయం చుక్కను వెదురుబుట్టలో పెట్టి, కింద పాత దుప్పటి పరిచి, ఆటోలో తెనాలి బయలుదేరాం. తెనాలి ఊళ్ళోనుంచి మూడు కాలవలు పారుతాయి. అన్నిటిలోనూ కృష్ణ నీరే. వంతెన దాటుతూంటే చుక్క బుట్టలోనుంచి తల ఎత్తి నీటి వాసన పీల్చింది.

ఆసుపత్రి ఆవరణలో ఒక వేపచెట్టు ఉన్నది. దాని నీడన రెండు గేదెలూ, ఒక మేకా, గంపకింద ఎవరివో కోళ్ళూ ఉన్నాయి. ఒకపక్క ఇనుపగొట్టాలతో చేసిన పెద్ద చట్రం కనిపించింది. గేదెను అందులోకి తోలి ముందూ వెనకా కడ్డీలు వేస్తారు. ఇక అది తన్నలేదు, పక్కకు తిరగలేదు. అప్పుడు డాక్టరు నిర్భయంగా వైద్యం చేయవచ్చు.

"బుట్ట కింద పెట్టకండి! జబ్బు కుక్కలు తిరిగిన నేల ఇది," అని అక్కడి పనివాడు హెచ్చరించాడు.

మా పక్కనే ఒకాయన పెద్ద ఆల్సేషన్ కుక్కతో కూర్చున్నాడు. ఆయన చుక్కను ఎగాదిగా చూసి, "ఇదే జాతి, పాపా?" అని అడిగాడు. మా మేనకోడలు జవాబు చెప్పలేక బుట్టమీద తువాలు కప్పేసింది.

ఇంతలో మా వంతు వచ్చింది. డాక్టరమ్మగారు రిజిస్టరులో పేరు రాసుకుని, "జాతి?" అన్నారు. మా మేనకోడలు తల దించుకున్నది.

డాక్టరమ్మగారు నవ్వి, "రెండు జాతుల కలయిక అని రాస్తాను. ఇందులో సిగ్గు దేనికమ్మా? 1957 నవంబరులో రాకెట్‌లో వెళ్ళి భూమి చుట్టూ తిరిగిన లైకా మాస్కో వీధికుక్కే!" అన్నారు.

"లైకా తిరిగి వచ్చిందా అండీ?"

"లేదు. దాన్ని కిందికి దించే ఏర్పాటు అప్పటికింకా లేదు. 1960 ఆగస్టులో వెళ్ళిన బెల్కా, స్ట్రెల్కా క్షేమంగా తిరిగి వచ్చాయి. అవీ వీధికుక్కలే."

మా మేనకోడలు తువాలు తీసేసింది.

మొదట చుక్కను తూచారు. రెండున్నర కిలోలు ఉన్నది. తోక కింద థర్మామీటరు పెట్టి చూస్తే నూటొకటిన్నర డిగ్రీలు! మేం గాభరా పడ్డాం. మనకైతే అది జ్వరమే, కుక్కకు మాత్రం మామూలు వేడి అట. తరవాత పెదవి ఎత్తి చిగుళ్ళు చూశారు. చిగుళ్ళు గులాబిరంగులో ఉంటే మంచిదట. పాలపళ్ళు ఇరవై ఎనిమిది. నాలుగో నెలనుంచి అవి ఊడి, మొత్తం నలభై రెండు గట్టిపళ్ళు వస్తాయట.

చచ్చిపోయిన పిల్ల సంగతి చెప్పగానే డాక్టరమ్మగారి ముఖం గంభీరమైంది. "అది పార్వో అనే వైరస్ జబ్బయి ఉంటుంది. ఎన్నాళ్ళయింది?" అని అడిగారు.

"ఇరవై రోజులు దాటింది."

"అయితే దానినుంచి అంటుకునే గడువు దాటిందనే అనుకోవచ్చు. మళ్ళీ ఎక్కడా అంటకుండా చూసుకోవాలి," అంటూ చల్లని పెట్టెలోనుంచి రెండు బుడ్లు తీశారు. ఒకదానిలో పొడి, రెండోదానిలో నీటిమందు. రెండూ కలిపి, మెడమీది వదులు చర్మం కాస్త ఎత్తి, దాని కింద సూది గుచ్చారు. చుక్క "కుయ్" అన్నది, అంతే.

"మూడు వారాలకు మళ్ళీ తీసుకురండి. ఆ తరవాత ఇంకోసారి," అన్నారు.

"ఒక్కసారి వేస్తే చాలదా అండీ?" అని అడిగింది మా మేనకోడలు.

దానికి కారణం వింతగా ఉన్నది. పుట్టగానే తాగే ముర్రుపాలద్వారా తల్లినుంచి పిల్లకు జబ్బుల్ని ఎదిరించే శక్తి వస్తుంది. కొన్ని వారాలకు అది తరిగిపోతుంది. అది ఉన్నంతకాలం టీకామందును కూడా శత్రువే అనుకుని అణిచేస్తుంది. అది ఏనాటికి పోతుందో ఒక్కో పిల్లలో ఒక్కో రకం. అందుకే నాలుగు నెలలు వచ్చేదాకా టీకాలు మళ్ళీ మళ్ళీ వేస్తారు. అవి పూర్తయ్యేదాకా పిల్లను వీధిలో తిప్పకూడదు.

మూడో నెల నిండాక వేసే టీకా అన్నిటికన్నా ముఖ్యం. అది రేబిస్‌కు, అంటే పిచ్చికుక్క కాటువల్ల వచ్చే జబ్బుకు. ఆ జబ్బు లక్షణాలు బయటపడ్డాక కుక్కయినా మనిషయినా బతకటం దాదాపు అసాధ్యం. రాకుండా ఆపటం మాత్రం మన చేతిలో ఉన్నది. ఇంట్లో కుక్కకు ఏటేటా టీకా వేయిస్తే అది కుక్కకే కాదు, ఇంటిల్లిపాదికీ రక్ష. బొచ్చుకుక్కకైనా, ఆల్సేషన్‌కైనా, చుక్కకైనా ఒకే టీకా.

పిల్లలూ! మిమ్మల్ని ఏ కుక్కయినా కరిచినా, గీరినా తిడతారని దాచకండి. వెంటనే సబ్బుతో, ధారగా పడే నీటికింద పదిహేను నిమిషాలు కడగండి. పసుపూ కారమూ అద్దకండి. అదే రోజు పెద్దవాళ్ళతో ఆసుపత్రికి వెళ్ళండి. పూర్వం బొడ్డు చుట్టూ పొడిచే సూదులకు అందరూ హడలిపోయేవాళ్ళు. ఇప్పుడు ఆ పద్ధతి లేదు. చేతికి కొద్దిపాటి సూదులతో సరిపోతుంది. కాటు లోతుగా ఉంటే గాయం దగ్గర ఇంకొక మందు కూడా వేస్తారు.

1885 జూలై 6న, పిచ్చికుక్క కరిచిన తొమ్మిదేళ్ళ జోసెఫ్ మైస్టర్‌కు పారిస్‌లో లూయీ పాశ్చర్ పర్యవేక్షణలో ఈ టీకా వేయటం మొదలుపెట్టారు. ఆ పిల్లవాడు బతికి పెద్దవాడైనాడు. అందుకే ఏటా జూలై 6న మన పశువుల ఆసుపత్రులు అనేకం కుక్కలకు ఉచితంగా రేబిస్ టీకాలు వేస్తాయి. మీ ఇంట్లో కుక్క ఉంటే ఆ తేదీ గుర్తుపెట్టుకోండి. దాని జాతి ఏదైనా సరే, వెంటబెట్టుకుని వెళ్ళండి.