రజబ్ 22న సముద్రానికి

మోపిదేవిలో కాపురం ఉంటూ సముద్రం చూడలేదంటే ఎవరూ నమ్మరు. ఈశాన్యాన బందరు, ఆగ్నేయాన హంసలదీవి. ఎటు వెళ్ళినా గంట, గంటన్నర ప్రయాణం. అయినా పదమూడేళ్ళ మా అమ్మాయి, ఎనిమిదేళ్ళ మా అబ్బాయి సముద్రాన్ని ఫోనులో చూడటమే తప్ప కళ్ళారా చూసి ఎరుగరు. కారణం మా ఇద్దరికీ తెలుసు. పైకి అనేవాళ్ళం కాదు. ఇంటికి పెద్ద అయిన అమ్మీ, పిల్లల దాదీజాన్, సముద్రం మాట ఎత్తితే చాలు, లేచి లోపలికి వెళ్ళిపోయేవారు. 1977 ఉప్పెనలో ఆమె తమ్ముడు పోయాడన్నంత వరకే మాకు తెలుసు. అంతకు మించి ఆమె చెప్పలేదు, మేము అడగలేదు.

ఈసారి పిల్లలు వదలలేదు. తరగతిలో అందరూ చూసివచ్చారట. సంక్రాంతి సెలవులలో తీసుకువెళతామని మాట ఇచ్చాము. మాట ఇచ్చాక గాని తెలియలేదు, సముద్రానికి వెళ్ళడానికి కూడా ఇంత ఆలోచన కావాలని.

మొదట అనుకున్నది మంగినపూడి. బందరుకు దగ్గర, దారి తిన్ననిది, లోతు తక్కువ. కాని అక్కడిది నల్లమట్టి తీరం. పిల్లలు కోరింది ఇసుక, జారడానికి ఇసుక దిబ్బలు. సూర్యలంకలో ఇసుక ఉంది గాని పెనుమూడి వంతెన దాటి, రేపల్లె మీదుగా బాపట్ల వెళ్ళి రావాలి. ఆటోలో పొద్దంతా దారిలోనే గడుస్తుంది. ఇక మిగిలింది పాలకాయతిప్ప. పులిగడ్డ దగ్గర నది పాయ దాటి, అవనిగడ్డ, కోడూరు, హంసలదీవి మీదుగా నలభై కిలోమీటర్ల లోపే. కృష్ణమ్మ కడలిలో కలిసే చోటు అక్కడికి మరికొంత దూరంలో, ఇసుకలో నడిచి చేరేటంత దూరంలో ఉంది.

ఆ ఊరి పేరులోనే దిబ్బ ఉంది. తిప్ప అంటే నీటి అంచున ఇసుక పేరుకున్న మెరక. మా దివిసీమలో లంకలు, తిప్పలు, దిబ్బలు, గొందులు అని ఊళ్ళ పేర్లు ఊరికే పెట్టలేదు. ఎక్కడ నీరు నిలుస్తుందో, ఎక్కడ నిలవదో పెద్దలు పేర్లలోనే రాసిపెట్టారు. సముద్రపు గాలి ఆరిన ఇసుకను లోనికి తోస్తుంది. ఊదారంగు పూల తీగ ఒకటి, ముళ్ళ గడ్డి ఒకటి ఆ ఇసుకను పట్టి ఆపుతాయి. ఆగిన ఇసుక మీద మరింత ఇసుక చేరి దిబ్బ అవుతుంది. అది ఏళ్ళ తరబడి జరిగే పని. ఒక ట్రాక్టరు ఒక పూటలో దానిని పునాదులకు తోలుకుపోగలదు. దిబ్బ అలలకు మొదటి అడ్డు. దాని వెనుక సరుగుడు తోట రెండవ అడ్డు. ఇదంతా పిల్లలకు చెబుతుంటే మా అబ్బాయి అడిగింది ఒకటే: "అయితే దాని మీద జారితే అది అరిగిపోదా?" జారడానికి మొక్క లేని చోటు చూసుకుందామని, తీగను తొక్కవద్దని ఒప్పందం చేసుకున్నాము.

ఏ రోజు వెళ్ళాలన్నది గోడ మీది ఇస్లామీ క్యాలెండరు తేల్చింది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపానుల కాలం, మళ్ళీ ఏప్రిల్, మే నెలలు. జనవరి మేలు. ఆ నెలలో ఏ రోజు? అమావాస్య, పౌర్ణమి దాటిన ఒకటి రెండు రోజులు సముద్రపు పోటు ఎక్కువగా ఉంటుంది, పాటు కూడా ఎక్కువే. చంద్రుడు సగమైన తర్వాత ఒకటి రెండు రోజులు రెండూ తక్కువ. మన నెలలు నెలవంకతోనే మొదలవుతాయి గనుక తేదీ చూస్తే చాలు, పోటు తెలిసిపోతుంది. 8, 9 తేదీలు, 22, 23 తేదీలు నెమ్మదైనవి. ఇన్నేళ్ళుగా రంజాను కోసం, పండుగల కోసం చూసుకున్న క్యాలెండరు ఇందుకు కూడా పనికివస్తుందని మాకు ఇప్పుడే తెలిసింది. రజబ్ 22 అంటే జనవరి 12, సోమవారం. భోగికి ముందే కాబట్టి జనం తక్కువ. ఆ రోజే ఖాయం చేసుకున్నాము.

ఈ లెక్కకు ఒక హద్దు ఉంది. అది మాకు అమ్మీ వల్ల తెలిసింది.

అక్టోబరు 28న మొంథా తుపాను తీరం దాటిన రాత్రి మా వీధిలో ఎవరూ నిద్రపోలేదు. కరెంటు పోయింది. ఫోనుకు హెచ్చరికలు వస్తూనే ఉన్నాయి. పిల్లలు మధ్య గదిలో పడుకున్నారు. అమ్మీ తస్బీహు పట్టుకుని కిటికీకి దూరంగా కూర్చున్నారు. గాలి హోరు ఎక్కువైనప్పుడు, ఎవరూ అడగకుండానే మొదలుపెట్టారు.

అప్పుడామెకు 12 ఏళ్ళు, తమ్ముడికి 7. నాన్నగారు కోడూరుకు దక్షిణాన ఒక పల్లెలో బట్టలు కుట్టేవారు. బక్రీదు ఇంకా రెండు మూడు రోజులుంది. ఖుర్బానీ కోసం తెచ్చిన మేకపోతును ఊరి చివర దిబ్బ మీద, గడ్డి ఉన్న చోట కట్టారు. 1977 నవంబరు 19, శనివారం. పొద్దుటి నుంచి వాన, గాలి. మధ్యాహ్నం దాటాక వాళ్ళమ్మగారు ఆమెను పిలిచి, పోతును ఇంటికి తోలుకు రమ్మన్నారు.

"నాకు తడవడం ఇష్టం లేకపోయింది బేటా. వాడిని పంపాను. వాడు సంతోషంగా పరుగెత్తాడు."

సాయంత్రానికి నీళ్ళు వచ్చాయి. పక్కింటి రైతు తన మేడ తలుపులు తెరిచి వీధిలో వాళ్ళందరినీ పైకి లాగారట. మాలవారు, పల్లెకారులు, కమ్మవారు, తురకలు అందరూ ఒకే డాబా మీద ఆ రాత్రి ఒకరినొకరు పట్టుకుని కూర్చున్నారు. తెల్లవారేసరికి ఆ మేడ తప్ప చుట్టూ ఇల్లు లేదు. తమ్ముడూ రాలేదు, పోతూ రాలేదు. వెళ్ళి నిలబడి దువా చేయడానికి ఖబరైనా లేదు.

ఆ ఉప్పెనలో పోయినవారు ప్రభుత్వ లెక్కలోనే సుమారు పదివేల మంది. అలల ఎత్తు ఐదారు మీటర్లన్నారు. తర్వాత మేము క్యాలెండరు వెనక్కు లెక్కవేసి చూశాము. ఆ రోజు జుల్హిజ్జ మొదటి పదిలోనే ఉంది. చంద్రుడు సగానికి కాస్త పైన. అంటే మేము ఇప్పుడు నెమ్మదైనవని ఎంచుకుంటున్న తేదీల వంటిదే. వచ్చింది పోటు కాదు, తుపాను గాలి లోతు తక్కువ సముద్రాన్ని నేల మీదికి నెట్టిన నీరు. చంద్రుడి లెక్క దానికి వర్తించదు. అందుకే మా కాగితంలో తేదీ పక్కన ఇంకో మాట రాసుకున్నాము: ముందురోజు రాత్రి వాతావరణ శాఖ ప్రకటన విన్న తర్వాతే ప్రయాణం. అల్పపీడనం అన్న మాట వినిపిస్తే పిల్లలు ఏడ్చినా సరే, మానుకోవడమే.

ఆ రాత్రి ఆమెకు ఏం చెప్పాలో మాకు తోచలేదు. నీట మునిగి పోయిన విశ్వాసికి షహీదు దర్జా ఉందని హదీసు ఉంది కదా అన్నాము.

"తెలుసు. చిన్నప్పటి నుంచీ వింటున్నాను. వాడి సంగతి అల్లాహ్ చూసుకుంటాడు. పంపింది మాత్రం నేను" అన్నారు.

ప్రతి బక్రీదుకూ ఖుర్బానీ వేళకు అమ్మీ తలనొప్పి అని గదిలోకి వెళ్ళి పడుకోవడం మేము చూస్తూనే ఉన్నాము. అది తలనొప్పే అనుకున్నాము. ఒకే ఇంట్లో ఇరవై ఏళ్ళు కలిసి తిని, కలిసి నమాజు చేసి కూడా ఆ మాత్రం అడగలేకపోయాము.

తెల్లవారి ప్రయాణం మానేద్దామన్నాము. ఆమె ఒప్పుకోలేదు. "పిల్లలకు నా భయం అంటించకండి. మీరు వెళ్ళండి. నేను ఇల్లు చూసుకుంటాను" అన్నారు. అలా నలుగురి ప్రయాణంగా ఏర్పాట్లు సాగాయి.

ఫజ్ర్ కాగానే బయలుదేరి ఎండ ముదరకముందే చేరాలి. దారిలో కోడూరులో మంచినీళ్ళు నింపుకోవాలి. తీరం మీద దొరుకుతాయన్న భరోసా లేదు. పులిహోర, ఉడికించిన గుడ్లు, అరటిపండ్లు. చెత్త తిరిగి తెచ్చుకోవడానికి ఒక సంచి. నీళ్ళలోకి మోకాలి లోతు దాటి ఎవరూ దిగకూడదు. నది కలిసే చోట అసలు దిగకూడదు. అక్కడ ఇసుక మేటలు పూటపూటకూ మారతాయి. రెండు పక్కలా నురుగు విరుగుతూ నడుమ నీరు నున్నగా కనబడితే అది నెమ్మది కాదు, లోనికి లాగే దారి. ఈ తీరంలో విహారానికి వెళ్ళిన పడుచు పిల్లలు మునిగిన వార్తలు చదివినప్పుడల్లా ఆ ఒక్క సంగతి ఎవరైనా వాళ్ళకు చెప్పి ఉంటే అనిపిస్తుంది. చీకటి పడేదాకా ఉండము. జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్ళు రాత్రివేళ ఒడ్డుకు వచ్చి ఇసుక తవ్వి, ఒక్కొక్కటి వంద వరకు గుడ్లు పెడతాయి. మన దీపాలు, కేకలు వాటిని వెనక్కు తరుముతాయి. అటవీశాఖ వారు ఆ గుడ్లను ఏరి కంచెలో కాపాడతారు. వీలైతే అది పిల్లలకు చూపించాలి.

జుహర్ అక్కడే, సరుగుడు నీడలో. సముద్రపు నీటితో వుజూ చెల్లుతుందా అని అమ్మాయి అడిగింది. సహాబాలు కూడా ప్రవక్త (స)ను ఇదే అడిగారని, ఆ నీరు శుద్ధపరచేదేనని ఆయన చెప్పారని వివరించాము. ఖిబ్లా ఎటు అని అబ్బాయి అడిగాడు. కాగితం మీద తీరం గీసి చూపించాము. పడమర, కొద్దిగా ఉత్తరానికి.

అమ్మీ బియ్యం ఏరుతూ వింటున్నారని మేము గమనించలేదు.

"అయితే నమాజులో సముద్రం ఎటు ఉంటుంది?" అని అడిగారు.

"వెనుక ఉంటుంది అమ్మీ. ఎదురుగా దిబ్బలు."

"ఆ దిబ్బలు ఇంకా ఉన్నాయా?"

ఉన్నాయని చెప్పాము. కొన్ని తరిగాయి, కొన్ని జరిగాయి, కాని ఉన్నాయి. ఆమె చేట మీద వేళ్ళు కదపకుండా కాసేపు కూర్చుని, తర్వాత మళ్ళీ బియ్యం ఏరుకున్నారు. మేము కూడా ఇంకేమీ అనలేదు.

మరునాడు సామాను రాసిన కాగితం బల్ల మీద ఉంది. జానమాజులు 4 అన్న చోట అంకె కొట్టివేసి, పక్కన వణికే చేతితో 5 అని రాసి ఉంది. దాని కింద ఉర్దూలో చిన్న అక్షరాలతో ఇంకొక మాట: చిన్నవాడి చెయ్యి నేను పట్టుకుంటాను.

ఆటో అతనికి ఫోను చేసి, ఐదుగురం వస్తున్నామని, వెనుక సీటులో పెద్దావిడ ఉంటారు కాబట్టి గుంతల దగ్గర నిదానంగా పోనివ్వమని చెప్పాము.