జైనూర్ చలి... చర్మం చెప్పే కబురు!

ఆసిఫాబాద్ నుంచి కెరమెరి ఘాట్ ఎక్కి జైనూర్ వైపు వెళ్లాలంటే డిసెంబరు తెల్లవారుజామున దారి కనపడటమే కష్టం. బస్సు అద్దాల నిండా మంచు. కండక్టర్ తలకు మఫ్లర్. ఊళ్లోకి అడుగుపెడితే చలిమంటల చుట్టూ జనం. ఒకప్పుడు ఆదిలాబాద్ జిల్లాలో ఉండి, 2016లో కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలోకి వచ్చిన ఈ మండలంలో చలికాలం రాత్రులు 10 డిగ్రీల కంటే కిందికి పడిపోవడం కొత్తేమీ కాదు.

చుట్టూ గుట్టలు, అడవి. వానలు వెనక్కి తగ్గాక ఆకాశం తేటపడుతుంది. మబ్బుల దుప్పటి లేకపోవడంతో పగలంతా నేల దాచుకున్న వేడి రాత్రికి పైకి వెళ్లిపోతుంది. చల్లబడి బరువెక్కిన గాలి గుట్టల మీంచి పల్లంలోని ఊళ్లకు జారుతుంది. ఇదంతా బయటి సంగతి. మరి 'అబ్బో, ఏం చలి!' అని మనకు చెప్పేదెవరు?

చర్మమే. కాకపోతే ఒళ్లంతా ఒకేలా కాదు. చల్లదనాన్ని పట్టే చుక్కలు వేరు, వెచ్చదనాన్ని పట్టే చుక్కలు వేరని 1880ల్లో స్వీడన్ శాస్త్రవేత్త మాగ్నస్ బ్లిక్స్ కనిపెట్టాడు. మీరూ చూడొచ్చు. మొద్దు మేకును చల్లటి నీళ్లలో ముంచి, తుడిచి, అరచేతి వెనక అక్కడక్కడా ఆనించండి. కొన్నిచోట్ల చల్లగా జివ్వుమంటుంది. కొన్నిచోట్ల ఉత్తగా తాకినట్టే ఉంటుంది.

ఆ చుక్కల కింద నరాల కొసలున్నాయి. వాటి పొరలో టీఆర్‌పీఎం8 అనే ప్రొటీన్ ఓ తలుపులా పనిచేస్తుంది. ఉష్ణోగ్రత సుమారు 26 డిగ్రీల కంటే తగ్గితే అది తెరుచుకుంటుంది. సోడియం, కాల్షియం అయాన్లు లోపలికి దూసుకెళ్తాయి. విద్యుత్ సంకేతం పుట్టి వెన్నుపాము మీదుగా మెదడుకు చేరుతుంది. పిప్పరమెంటు చప్పరిస్తే నోరు చల్లబడినట్టు అనిపిస్తుంది కదా! అందులోని మెంథాల్ కూడా ఈ తలుపునే తడుతుంది. ఈ గుట్టును 2002లో అమెరికాలో డేవిడ్ జూలియస్, ఆర్డెమ్ పటపూటియన్ బృందాలు వేర్వేరుగా విప్పాయి. వేడి, స్పర్శల రహస్యాలనూ ఛేదించిన ఆ ఇద్దరికీ 2021లో నోబెల్ వచ్చింది. ఇంకాస్త గట్టి చలిని పట్టడానికి గ్లూకే2 అనే మరో ప్రొటీన్ ఉందని 2024లో మిషిగన్ విశ్వవిద్యాలయం వారు ఎలుకల్లో తేల్చారు.

అన్నట్టు, ఈ నరాలు చెప్పేది గాలి సంగతి కాదు, చర్మం సంగతి. పొద్దున్నే కర్ర తలుపు కంటే ఇత్తడి బిందె ఎక్కువ చల్లగా తగులుతుంది. నిజానికి రెండూ ఒకే చల్లదనంలో ఉంటాయి. లోహం చేతిలోని వేడిని గబగబా లాగేసుకుంటుంది, అంతే! ఒంట్లోనే వేడి పుడితే చలి జోరూ తగ్గుతుంది. దీపావళి రోజుల్లో దండారి చూడండి. గుస్సాడీలు నెమలి పింఛాల టోపీలు పెట్టుకుని, ఒంటికి బూడిద పూసుకుని, చొక్కా లేకుండానే ఆడతారు. కండరాలు ఆడుతున్నంతసేపూ వేడి పుడుతూనే ఉంటుంది. 2021లో పద్మశ్రీ అందుకుని, 2024లో కన్నుమూసిన గుస్సాడీ గురువు కనకరాజుది ఈ మండలంలోని మార్లవాయే.

అయితే ఈ కబురు అందరికీ సరిగ్గా అందదు. వయసు మీదపడితే చలి తెలియడం మందగిస్తుంది. 'నాకేం చలి లేదు' అనే తాతయ్య కాళ్లు మంచుముక్కల్లా ఉండొచ్చు. పసిపిల్లలకు ఒళ్లు వెచ్చబడేంత వణుకు రాదు. మధుమేహంతో పాదాల నరాలు దెబ్బతిన్నవారికి చలీ తెలియదు, చలిమంట సెగ కాలుస్తున్నా తెలియదు. ఇక మందు తాగితే వెచ్చగా ఉంటుందన్నది ఉత్త భ్రమ. చర్మం దగ్గరి రక్తనాళాలు విచ్చుకుని లోపలి వేడి బయటికి పోతుంది. వెచ్చగా అనిపిస్తూనే ఒళ్లు చల్లబడుతుంది.

కాబట్టి పెద్దవాళ్లను, చంటిపిల్లలను 'చలేస్తోందా?' అని అడిగి ఊరుకోకండి. పొట్టమీద, వీపుమీద చెయ్యి పెట్టి చూడండి. చల్లగా ఉంటే టోపీ, సాక్సు, మరో దుప్పటి కావాల్సిందే. అలాగని బొగ్గుల కుంపటిని గదిలో పెట్టి తలుపులు బిగించుకోవద్దు. అందులోంచి వచ్చే కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు. చిటికెడు చలిని పసిగట్టే మన చర్మానికి ఆ విషవాయువు జాడే తెలియదు.