టర్బో తీసేస్తే పోయేదేంటి?

నాన్నగారి పాత ఇండిగో టర్బో డీజిల్ ఇంజను సీజ్ అయింది. అడిక్‌మెట్ మెకానిక్ "టర్బో ఎందుకు సార్, పాత ఇండికా ఇంజను పెట్టేద్దాం, చవగ్గా అయిపోద్ది" అంటున్నాడు. అబద్ధమేం కాదు, రెండూ అదే 1405 సీసీ, అదే 75 మిల్లీమీటర్ల బోరు. కాకపోతే ఇండికా ఫ్యూయల్ పంపు కూడా రావాలి. టర్బో పంపే ఉంచితే గాలి తక్కువ, డీజిల్ ఎక్కువ, ఇక నల్ల పొగే!

పైగా ఇండిగో బరువెక్కువ. నలుగురం కూర్చుంటే అడిక్‌మెట్ ఫ్లైఓవర్ మీద ఆటోలు కూడా దాటేస్తాయేమో :)

అసలు చిక్కు ఆర్సీలో ఉంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఇంజను మార్పుకి ఆర్టీఓ ఆమోదం కావాలి. రేపు యాక్సిడెంటై క్లెయిముకి వెళ్తే ఇంజను నంబరు కలవకపోతే ఎవరిని అడుగుతాం? నాన్నగారేమో "నడిస్తే చాలురా" అంటారు. నేనైతే టర్బో ఇంజనే వెతుకుతున్నా.