తొమ్మిదో తరగతి గడప

1987లో అమెరికా విద్యాశాఖ కార్యదర్శి విలియం బెన్నెట్, షికాగో నగరంలోని ప్రభుత్వ పాఠశాలలు యావద్దేశంలోనూ అధ్వాన్నమైనవని బాహాటంగా ప్రకటించారు. 1893 నాటి స్వామి వివేకానందుని ప్రసంగం మూలంగా భారతీయులకు చిరపరిచితమైన ఆ మహానగరానికి అది తల కొట్టేసినంత పని. అయినా కాదని వాదించడానికి నగరపెద్దల చేతిలో ఆధారాలేవీ లేవు. హైస్కూలులో చేరిన పిల్లల్లో ఇంచుమించు సగం మంది చదువు ముగించకుండానే నిష్క్రమిస్తూ ఉండేవారు. 1990 దశకం ముగిసే నాటికి కూడా, అయిదేళ్ళ గడువిచ్చి చూసినా, పట్టా పుచ్చుకొన్నవారు నూటికి 50 మందికి చేరలేదు.

ఆ పట్టా సంగతి కొంత వివరించాలి. అమెరికాలో హైస్కూలు అంటే సాధారణంగా తొమ్మిది నుంచి పన్నెండు వరకు నాలుగు తరగతులు. దానిని పూర్తి చేయడాన్నే వారు గ్రాడ్యుయేషన్ అంటారు, మన బి.ఏ. పట్టాతో పొరబడరాదు. మన పదవ తరగతి వలె జీవితాన్ని ఒక్క వారంలో తేల్చివేసే పబ్లిక్ పరీక్ష షికాగోలో లేదు. ప్రతి పాఠ్యాంశంలోనూ, ప్రతి అర్ధసంవత్సరానికీ ఆ పాఠం చెప్పిన ఉపాధ్యాయుడే శ్రేణి నిర్ణయిస్తాడు. ఉత్తీర్ణుడైతే క్రెడిటు, తప్పితే 'ఎఫ్' అనే అక్షరం. కావలసినన్ని క్రెడిట్లు కూడితే పట్టా. కనుక అక్కడి పిల్లవాడు ఒక్కనాడు తప్పడు. కొద్దికొద్దిగా, ఎవరి కంటా పడకుండా, నాలుగేళ్ళపాటు తప్పుతూ పోతాడు. పత్రికలలో అతని నంబరు లేకపోవడమనే ప్రమాదఘంటిక కూడా మ్రోగదు.

ఈ నిష్క్రమణకు కారణాలు చెప్పడంలో మాత్రం ఎవరికీ కొదవ లేకపోయింది. పేదరికమన్నారు, వీధి ముఠాలన్నారు, చదువులేని తల్లిదండ్రులన్నారు, ప్రాథమిక పాఠశాలలో పునాది పడలేదన్నారు. ఇందులో ఏదీ అబద్ధం కాదు. కాని ఇవన్నీ పాఠశాల గోడకు అవతలి సంగతులు. కారణం గోడకు అవతల ఉన్నంతకాలం ఇవతలివారు నిట్టూర్చడం తప్ప చేయగలిగింది ఉండదు. ఆ నిట్టూర్పులో ఒక సౌఖ్యం కూడా ఉన్నది.

దానికి అడ్డుపడినవారు ఆ ఊరి పరిశోధకులే. షికాగో విశ్వవిద్యాలయంలో 1990లో ఏర్పడిన ఒక పరిశోధక బృందం నగర పాఠశాలల రికార్డులను ఏళ్ళ తరబడి పరిశీలిస్తూ వచ్చింది. 2005లో ఎలెయిన్ అలెన్స్‌వర్త్, జాన్ ఈస్టన్ అనే ఇద్దరు ఒక నివేదిక వెలువరించారు. తొమ్మిదో తరగతిలో కావలసిన క్రెడిట్లు సంపాదించి, ముఖ్య పాఠ్యాంశాలలో ఒక్క అర్ధసంవత్సరపు 'ఎఫ్'కు మించి లేని విద్యార్థిని వారు 'గాడిలో ఉన్నవాడు'గా లెక్కించారు. గాడిలో ఉన్నవారిలో నూటికి 81 మంది నాలుగేళ్ళలో పట్టా పుచ్చుకొన్నారు. గాడి తప్పినవారిలో 22 మందే. అంతకంటె ఆశ్చర్యకరమైనది మరొకటి: ఎనిమిదో తరగతి పరీక్షలలో బాగా మార్కులు వచ్చినా తొమ్మిదిలో గాడి తప్పినవారికంటె, వెనుకబడి వచ్చినా తొమ్మిదిలో గాడిలో నిలిచినవారే ఎక్కువగా గట్టెక్కారు.

2007 నాటి మరొక నివేదిక గాడి తప్పడానికి మూలమేమిటో చూపింది. పెద్ద రహస్యమేమీ కాదు, హాజరు. అర్ధసంవత్సరంలో రెండు వారాలు బడి మానిన తెలివైన విద్యార్థి, ఒక్క వారమే మానిన సామాన్య విద్యార్థికంటె ఎక్కువగా తప్పుతున్నాడు. ఎనిమిదో తరగతి వరకు చిన్న పాఠశాలలో, పేరు పెట్టి పిలిచే పంతుళ్ళ మధ్య పెరిగిన పిల్లవాడు ఒక్కసారిగా వందల మంది తిరిగే హైస్కూలులో పడతాడు. గంటకొక గది, గదికొక ఉపాధ్యాయుడు. ఒక గంట ఎగగొడితే అడిగేవారు లేరు. పద్నాలుగేళ్ళ వయస్సులో అడిగేవారు లేకపోవడాన్ని స్వాతంత్ర్యమని భ్రమించనివారెవరు?

ఇక్కడినుంచి కథ అధికారులది. ఆనాడు నగర పాఠశాలల ముఖ్యాధికారి ఆర్నే డంకన్; తరువాత 2009లో దేశ విద్యాశాఖ కార్యదర్శి అయినవారు. ఆయన యంత్రాంగం ఈ తొమ్మిదో తరగతి అంకెను పాఠశాలల పనితీరును కొలిచే లెక్కల్లో చేర్చింది. అంతటితో ఆగి ఉంటే అది మరొక చర్నాకోల అయ్యేది. పై అధికారి ఒక అంకె అడుగుతాడు, కింది అధికారి ఆ అంకె పంపుతాడు; ఈ విద్య ఏ దేశంలోనూ కొత్త కాదు. కాని 2008 ప్రాంతంలో మరొక పని కూడా మొదలయింది. బడి తెరవకముందే, కొత్తగా చేరబోయేవారిలో ఎవరిని కనిపెట్టి ఉండాలో పేర్లతో సహా జాబితా పాఠశాలకు అందేది. బడి తెరిచాక కొద్ది వారాలకొకసారి ఏ విద్యార్థి ఎన్ని రోజులు రాలేదో, ఏ పాఠంలో జారుతున్నాడో తెలిపే పత్రం వచ్చేది. పట్టాల శాతం నాలుగేళ్ళ తరువాత తెలిసే అంకె. అది తెలిసే నాటికి పిల్లవాడు వెళ్ళిపోయి ఉంటాడు. ఈ పత్రంలోని పిల్లవాడు మాత్రం ఇంకా వెనుక బల్ల మీదనే కూర్చొని ఉన్నాడు.

ఆ పత్రాన్ని చదవడానికి ఒక బల్ల చుట్టూ కూర్చొన్నవారు తొమ్మిదో తరగతి ఉపాధ్యాయులు. ఈ ఘట్టం వద్ద కొంత నిలవాలి. అధ్యాపకవృత్తి చూడడానికి జనసమ్మర్దంలో చేసే పని, నిజానికి ఏకాంతవాసం. గది తలుపు మూసుకొన్న తరువాత తన పాఠం ఎలా సాగుతున్నదో మరొక పెద్దవానికి తెలియదు. పక్క గదిలో ఏమి జరుగుతున్నదో తనకు తెలియదు. పది పన్నెండేళ్ళు పనిచేసినా, మొదటి రెండేళ్ళలో అలవడిన పద్ధతే తనకు గతి. అటువంటివారు ఒకే పిల్లవాని పేరు ముందు పెట్టుకొని కూర్చొన్నప్పుడు, గణితంలో 'ఎఫ్' తెచ్చుకొన్నవాడు చరిత్రలో చక్కగా రాణిస్తున్నాడని బయటపడుతుంది. అప్పుడు వాడు సోమరి అనే మాట గొంతులోనే ఆగిపోతుంది. వాడు మీ గదిలో ఎందుకు చదువుతున్నాడని గణితోపాధ్యాయుడు సాటి ఉపాధ్యాయుని అడగక తప్పదు. ఆ ప్రశ్న అడగడానికి కొంత అహంకారం వదులుకోవాలి. జవాబు చెప్పడానికి తన పని తాను పరిశీలించుకోవాలి. ఇంటిపని ఇవ్వని ఒక్కరోజుకు సున్నా వేస్తే, ఆ సున్నా తక్కిన మార్కులన్నిటినీ ఎంత లోతుకు లాగుతుందో అక్కడే లెక్కకు వస్తుంది. ఉపాధ్యాయుల అభివృద్ధి అని పెద్దలు పిలిచేది ఇంత చిన్న సంభాషణలో ఆరంభమవుతుంది.

అయితే బల్ల వేసినంత మాత్రాన సంభాషణ పుట్టదు. దానికి కాలపట్టికలో ఒక గంట కేటాయించాలి. ఆ గంట ప్రధానోపాధ్యాయుని చేతిలో ఉన్నది. 2006 నుంచి విశ్వవిద్యాలయం ఆధ్వర్యంలో పనిచేసిన ఒక బృందం వేర్వేరు పాఠశాలల ప్రధానోపాధ్యాయులనూ ఉపాధ్యాయులనూ ఒకచోట చేర్చి, ఒకరి అనుభవం మరొకరికి అందేటట్లు చూసింది.

2007లో నూటికి 57గా ఉన్న గాడిలోనివారి సంఖ్య 2013 నాటికి 82 అయింది. ఎక్కువగా లాభపడినది నల్లజాతి అబ్బాయిలు; అంటే అందరూ ముందుగా ఆశ వదులుకొన్నవారు. మార్కులు ఉదారంగా వేసి గట్టెక్కించి ఉంటారనే అనుమానం సహజం. 2014లో పరిశోధకులు దానినీ పరిశీలించారు. తప్పేవారు తగ్గడమే కాక పై శ్రేణులు పొందినవారూ పెరిగారు. ఇంతకుముందు బడి మానివేసి ఉండేవారు కూడా పదకొండో తరగతికి వచ్చి ఏ.సి.టి. పరీక్ష రాసినప్పటికీ, సగటు మార్కులు దిగజారలేదు. అనుమానం పూర్తిగా పోయిందనలేము గాని, చాలావరకు బలహీనపడింది.

ఇది మచ్చలేని కథ కాదు. బడి మానినవారిని వేరేచోటికి మారినవారుగా నమోదు చేసినట్లు పత్రికలవారు బయటపెట్టగా, 2015లో జిల్లా యంత్రాంగం తన పట్టాల శాతాన్ని తానే తగ్గించి సవరించుకోవలసివచ్చింది. అంకెకు బహుమానమో దండనో ముడివేసినచోట ఇటువంటి చేతివాటం పుట్టకుండా ఉండదు. మనమూ గర్వించనక్కరలేదు. మన పదవ తరగతి ఉత్తీర్ణతా శాతం పరీక్షకు కూర్చొన్నవారి మీద కట్టే లెక్క. ఎనిమిదిలో పత్తిచేలకు వెళ్ళిపోయిన పిల్ల అందులో ఏ గడిలోనూ కనిపించదు.

మరొక మచ్చ ఇంతకంటె నల్లనిది. 2013లో ప్రధానోపాధ్యాయుల శిక్షణ కోసమని టెండర్లు పిలవకుండా రెండు కోట్ల డాలర్లకు పైబడిన కాంట్రాక్టు ఒక ప్రైవేటు సంస్థకు దక్కింది. ముడుపుల ఆశతో దానిని ఇప్పించినట్లు అప్పటి ముఖ్యాధికారిణి 2015లో న్యాయస్థానం ఎదుట నేరం అంగీకరించారు. 2017లో కారాగారశిక్ష పడింది. అంత ధనం పోసి కొన్న శిక్షణ ఒకవైపు, కాలపట్టికలో దొరికిన ఒక గంట మరొకవైపు!

ఈ మధ్యకాలంలోనే 2012లో ఉపాధ్యాయులు సమ్మె చేశారు. 2013లో ఇంచుమించు 50 పాఠశాలలు మూతపడ్డాయి. ముఖ్యాధికారులు ఒకరి తరువాత ఒకరు మారిపోయారు. అయినా 2011లో 57 శాతానికి దగ్గరగా ఉన్న పట్టాల లెక్క, సవరణ తరువాత కూడా, 2017లో 77 దాటింది. పైవారు మారినా పని ఆగకపోవడానికి కారణం అది అప్పటికే పాఠశాలలలో నాటుకొని ఉండటమే.

పట్టా పొందినవారిలో కళాశాల చదువు పూర్తి చేసేవారు ఇంకా తక్కువే. అది వేరే పోరాటం. తొమ్మిదో తరగతి సంగతి మాత్రం షికాగో పొలిమేర దాటింది. ఇలినాయ్ రాష్ట్రం తన హైస్కూళ్ళ గురించి ఏటా ప్రకటించే నివేదికలో పట్టాల శాతంతోపాటు, తొమ్మిదిలో గాడిన పడిన పిల్లల శాతానికి కూడా ఇప్పుడొక స్థానం ఉన్నది.