చేతులు కాలకముందే

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమనే సామెత మనవాళ్ళు ఎవరిని చూసి పుట్టించారో కానీ, ఎక్స్‌-రే తొలినాళ్ళ చరిత్ర చదివితే అది అచ్చంగా చేతుల కథే. 1895లో రాంట్‌జెన్ ఆ కిరణాలను కనుగొన్నాడు. ట్యూబు సరిగ్గా పనిచేస్తోందో లేదో చూడడానికి చాలామంది తమ చెయ్యే అడ్డంపెట్టి, తెరమీద ఎముకలు చూసుకునేవారు. రోజూ అదే పని! ఎడిసన్ సహాయకుడు క్లారెన్స్ డాలీ ఇలాంటి ప్రయోగాల్లోనే చేతులు పోగొట్టుకుని, 1904లో కన్నుమూశాడు.

మరి ఆ రోజుల్లో డోసు కొలిచిందెలా? చాలావరకు చర్మంతోనే! ఒళ్ళు కందితే అదొక మోతాదు. పేరు ‘ఎరితీమా డోసు’. కొలబద్ద మనిషే అన్నమాట. అయితే ఒకరి చర్మం కందినట్టు మరొకరిది కందదు. పైగా అది కందేసరికి జరగాల్సింది జరిగిపోయి ఉంటుంది. 1925లో మట్‌షెల్లర్ అనే శాస్త్రవేత్త, ఆ మోతాదులో నూరోవంతుకు మించి నెలరోజుల్లో సోకరాదన్నాడు. హద్దు గీశాడు సరే, కొలబద్ద మాత్రం ఇంకా చర్మమే.

1928లో స్టాక్‌హోమ్ మహాసభ ‘రాంట్‌జెన్’ యూనిట్‌ను ఆమోదించింది. కిరణాలు గాలిలో పుట్టించే విద్యుదావేశమే దానికి ఆధారం. కొలిచే భారం అలా మనిషి ఒంటిమీంచి దిగింది. 1934లో రోజుకు 0.2 రాంట్‌జెన్ అని అంతర్జాతీయ పరిమితి పెట్టారు. ఒంట్లో ఇంకిన శక్తిని లెక్కించే ‘గ్రే’, ఆ శక్తి చేసే హానిని కూడా లెక్కలోకి తీసుకునే ‘సీవర్ట్’ 1970లలో వచ్చాయి.

మా మేనమామ ఒక ఆసుపత్రిలో ఎక్స్‌-రే టెక్నీషియన్. ఆయన చొక్కాకున్న బ్యాడ్జి చూసి, “ఏంటి మామయ్యా, తాయెత్తా?” అని అడిగాను.

“తాయెత్తు కాదురా, పద్దుపుస్తకం” అన్నాడు.

నిజమే. అందులోని కాల్షియం సల్ఫేట్ బిళ్ళలు సోకిన డోసును దాచుకుంటాయి. ల్యాబులో వేడిచేస్తే ఆ మేరకు వెలుగునిస్తాయి. అంతేగాని కిరణాలను ఆపవు. కొందరు దాన్ని పక్కగదిలో మేకుకు తగిలించి పనిలోకి వెళతారట. మూణ్ణెల్లకు రిపోర్టు ‘సున్నా’ అని వస్తే సంతోషం! కాని ఆ సున్నా మేకుది, మనిషిది కాదు.

మన దేశంలో ఇప్పుడు ఈ పనిచేసేవారికి పరిమితి అయిదేళ్ళ సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్ట్‌లు. ఏ ఒక్క ఏడాదీ 30 దాటరాదు. పరీక్షకోసం మనం బట్టీపట్టే ఈ అంకెల వెనక ఎందరి చేతులో ఉన్నాయి. మిత్రులారా, రేపు మనలో ఎవరికైనా ఆ బ్యాడ్జి ఇస్తే, మేకుకు కాక మన చొక్కాకే పెట్టుకుందాం.