గడప లోపలి రష్యా

మాస్కో చూచివచ్చినవారు క్రెమ్లిన్ గోడలను గురించీ, భూగర్భ రైలు స్టేషన్ల పాలరాతిని గురించీ చెబుతారు. వినదగ్గవే. కాని ఆ దేశపు మనసు ఇళ్ళల్లో ఉంది. రష్యన్ ఇంటికి వెళ్ళగానే బూట్లు విప్పాలి. అతిథికోసం గుడ్డచెప్పుల జత ఒకటి సిద్ధంగా ఉంటుంది. గడపకు అటొకరూ ఇటొకరూ నిలబడి చేయి కలపరు. గడపమీద ఇచ్చిపుచ్చుకోరాదని మన ముసలమ్మలు అనేమాటే గదా ఇది! దూరప్రయాణమైతే పెట్టెలు సర్దుకొన్నాక ఇంటిల్లిపాదీ ఒక్క నిమిషం మౌనంగా కూర్చుంటారు. మనం తుమ్మితే కూర్చుంటాం. వాళ్ళు తుమ్మకపోయినా కూర్చుంటారు.

పిల్లల పండుగ కథ వేరు. క్రిస్మస్ చెట్టు మతాచారమని 1920ల చివర సోవియట్ ప్రభుత్వం దాన్ని మాన్పించింది. కొన్ని ఇళ్ళవారు కిటికీలు మూసి, చాటుగా చిన్న చెట్టు పెట్టుకొన్నారు. 1935 డిసెంబరు 28న పార్టీ నాయకుడు పావెల్ పోస్తిషెవ్, పిల్లలకు చెట్టు తిరిగి ఇవ్వాలని ‘ప్రావ్దా’ పత్రికలో ఉత్తరం వ్రాశాడు. నాలుగు రోజులు తిరక్కముందే, కొత్త సంవత్సరపు చెట్టు అనే పేరుతో పండుగ వచ్చేసింది! ఫైళ్ళ నడక ఎరిగిన గుమాస్తాను గనుక నాకిది మహా వింత. అంతకన్నా చేదైన సంగతి, పిల్లలకు చెట్టు ఇప్పించిన ఆ మనిషిని 1939లో కాల్చి చంపారు. చెట్టు మాత్రం నిలిచింది.

ఇక వేషాలు. ఆడపిల్లలు మంచురేకలు, మగపిల్లలు కుందేళ్ళు. బడిలో తీసిన పాత ఫొటోల్లో వరుసకు వరుస ఇవే. ఎందుకంటే అంగళ్ళలో వేషాలు అరుదు; గాయాలకు కట్టే పల్చని తెల్లగుడ్డ మాత్రం చవక. తల్లులు రాత్రిళ్ళు దాన్ని పొరలుపొరలుగా కుట్టి, గంజి పెట్టి, గౌను బిరుసుగా నిలబెట్టేవారు. అట్టముక్కతో కిరీటం, దానికి వెండికాగితం. పగిలిన గాజుబుడ్డీలను నూరి జిగురుతో అద్దితే మెరుపు. కుందేలుకు దూదితోక, చెవుల టోపీ. టోపీ చెవి ఒకటి వాలిపోతే అది కుట్టినవారి తప్పు కాదు, గంజి తప్పు.

అలా ముస్తాబైన బిడ్డను స్టూలుమీద నిలబెట్టేవారు. ఎదురుగా పత్తిగడ్డంతో చలితాత, పక్కన ఆయన మనుమరాలు మంచుపిల్ల. పద్యం అప్పజెప్పాలి. సగంలో మరచిపోయినా సరే, మిఠాయిల సంచి చేతికి వచ్చేది. అడుగున ఒకటో రెండో కమలాపండ్లు.